తెలివైనదని రాసిన పాత్ర పాఠకుడికి తెలివైనదిగా కనిపించాలంటే ఏం చేయాలి?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందు క్లుప్తంగా చెబుతాను. మీ నవలలో కథానాయిక వసుధ న్యాయవాది. "నగరంలో ఆమెను మించిన తెలివైన వకీలు లేరు" అని మొదటి అధ్యాయంలోనే రాశారు. రాతప్రతి చదివిన ముగ్గురూ, ఒకరి అభిప్రాయం ఒకరికి తెలియకుండానే, "ఆమె తెలివి మాకెక్కడా కనబడలేదు" అన్నారు. ఆ విశేషణాలు తీసేయాలా, లేక ఆమె తెలివిని చూపించే సన్నివేశాలు ఇంకొన్ని చేర్చాలా అని అడిగారు. చివర్లో, "అసలు నాకన్నా తెలివైన మనిషిని నేనెలా రాయగలను?" అని కూడా అడిగారు.

సూటిగా చెప్పాలంటే, మొదటి పనిగా ఆ రెండూ వద్దు. ముందు మీరు వెతకవలసింది, కథ అవసరం కోసం వసుధ చేత ఎక్కడెక్కడ తెలివితక్కువ పని చేయించారన్నది. మీరిచ్చిన కథాసంగ్రహాన్ని బట్టి చూస్తే లోపం మొదటి అధ్యాయంలో లేదు, తొమ్మిదో అధ్యాయంలో ఉంది. ఆ అధ్యాయంలో కక్షిదారుడి బావమరిది వచ్చి "ఒక్కరోజు చూసి తెచ్చిస్తాను" అని అడిగితే, వసుధ ఒప్పందపత్రం అసలు ప్రతిని, కనీసం నకలైనా తీసి పెట్టుకోకుండా, అతని చేతికి ఇచ్చేస్తుంది. అతను దాన్ని తగలబెడతాడు. ఆ పత్రం లేకుండా వ్యాజ్యం గెలవడమే మిగిలిన పదకొండు అధ్యాయాల కథ. పత్రం పోకపోతే మీకు కథ లేదు కనుక, అది పోవడానికి అన్నిటికన్నా దగ్గరి దారిని ఎంచుకున్నారు. ఆ దారి వసుధ తెలివి మీదుగా వెళ్లింది.

గత ఇరవై ఏళ్లలో నేను పరిష్కరించిన రాతప్రతుల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనబడిన లోపం ఇదే. రచయితలు దీన్ని వర్ణనలో లోపంగా భావించి వర్ణనను దిద్దుతూ కూర్చుంటారు. నిజానికి పాఠకుడు విశేషణాన్ని ఎప్పుడూ తిరస్కరించడు. రచయిత ఒక పాత్రను ధైర్యవంతుడంటే "సరే, చూద్దాం" అనుకుని ఆ మాటను మనసులో ఒక పక్కన పెట్టుకుంటాడు. అది అతను మనకిచ్చిన అప్పు. ఆ తర్వాత ఆ పాత్ర చేసే పనులను ఆ మాట పక్కన పెట్టి సరిచూసుకుంటూ పోతాడు. గుణానికి అనుకూలంగా పది పనులు జరిగినా వాటిని పెద్దగా లెక్కించడు, ఎందుకంటే అవి అతను ముందే ఎదురుచూసినవి. ప్రతికూలంగా ఒక్క పని జరిగితే మాత్రం చటుక్కున పట్టుకుంటాడు. కనుక తెలివిని చూపించే సన్నివేశాలు ఇంకో నాలుగు చేర్చినా, తొమ్మిదో అధ్యాయం అలాగే ఉన్నంత కాలం మీ పాఠకులు చెప్పే మాట మారదు.

దీనిని నేను నా సొంత రాతలోనే నేర్చుకున్నాను. చాలా కాలం కిందట ఒక పెద్ద కథ రాశాను. అందులో ప్రధాన పాత్ర ముక్కుసూటి మనిషి, మనసులో ఉన్నది మొహం మీదే చెప్పేసే స్త్రీ. ఆమె గురించి అందరూ ఆ మాటే అంటుంటారు. కథ నడవడానికి మాత్రం ఆమె తన చెల్లెలి దగ్గర ఒక రహస్యాన్ని కథ చివరి దాకా దాచిపెడుతుంది. ఎందుకు దాచిందంటే, చెప్పేస్తే నా కథ రెండో పుటలోనే అయిపోతుంది. ఒక పత్రిక సంపాదకుడు ఆ కథను తిప్పి పంపుతూ రెండో పుట అంచున పెన్సిల్‌తో ఒక్క వాక్యం రాశారు: "ఈమె ఇక్కడే చెప్పేస్తుంది కదా?" మొదట నాకు కోపం వచ్చింది. వారం తర్వాత, సరే, చెప్పేస్తే ఏమవుతుందో చూద్దామని, ఆమె చేత రెండో పుటలోనే ఆ నిజం చెప్పించాను. చెల్లెలు నమ్మలేదు. పైగా, ఎప్పుడూ కటువుగానే మాట్లాడే మనిషి కనుక ఇదీ అలాంటి మాటే అనుకుంది. అంటే ఎవరికైనా నిజం చెప్పేసే ఆమె అలవాటే ఆ రోజు ఆమె నిజానికి విలువ లేకుండా చేసింది. నేను బలవంతాన నడిపిన కథ కన్నా తనంతట తాను నడిచిన ఆ కథ ఎంతో బలంగా వచ్చింది. అప్పటి నుంచి పాత్రకూ కథకూ పేచీ వచ్చిన ప్రతిచోటా నేను పాత్ర పక్షం వహిస్తాను. కథను మార్చుకుంటాను.

మీ తొమ్మిదో అధ్యాయానికి ఇదే పద్ధతి వర్తింపజేసి చూద్దాం. పత్రం పోవాలి, అందులో మార్పు లేదు. అది వసుధ మూర్ఖత్వం వల్ల పోకూడదు. మీకు రెండు దారులున్నాయి. మొదటిది, ఎదుటివాడి ఎత్తును పెంచడం: ఆమె తీసుకోదగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నా, వాటిని ముందే ఊహించిన మనిషి అవతల ఉన్నాడని చూపడం. ఇది మంచిదే. దీనికన్నా నాకు నచ్చే రెండో దారి, ఆ నష్టం ఆమె తెలివిలోంచే పుట్టేలా చేయడం. వసుధ అందరికన్నా పది అడుగులు ముందు ఆలోచించే మనిషి. అలాంటివారికి తరచుగా ఒక అలవాటు ఉంటుంది. తమ ఆలోచనను పక్కవారికి విడమరచి చెప్పే ఓపిక ఉండదు. ఆమె పత్రానికి నకలు తీసి తన దగ్గర పెట్టుకుంటుంది. అసలు ప్రతిని కక్షిదారుడికి ఇచ్చి "జాగ్రత్తగా దాచండి, ఎవరికీ ఇవ్వకండి" అంటుంది. ఎందుకు ఇవ్వకూడదో, నకలుకూ అసలుకూ సాక్ష్యంగా ఎంత తేడా ఉందో, తాను ఏ రోజు దాన్ని బయటపెట్టదలిచిందో చెప్పదు. కక్షిదారుడు భయస్థుడు. తన వకీలు మౌనాన్ని అతను ధీమాగా అర్థం చేసుకోలేదు, తన వ్యాజ్యం మీద ఆమెకు ఆసక్తి లేదనుకున్నాడు. బావమరిది వచ్చి రాజీ మాటలు మాట్లాడితే, తన మంచి కోసమేననుకుని, పత్రం తీసి ఇచ్చేశాడు.

ఇప్పుడు పత్రం పోయింది, మీ పదకొండు అధ్యాయాలూ మీకు మిగిలాయి. వసుధ తెలివి మీద మచ్చ పడలేదు. అంతేకాక ఆమెకు ఒక నిజమైన లోపం వచ్చింది, ఆ లోపం తెలివి లేకపోవడం కాదు, తెలివి వెంట వచ్చే నీడ. నవల చివరికి ఆమె నేర్చుకోవలసింది ఏదైనా ఉంటే అది కూడా ఇక్కడే దొరుకుతుంది.

ఇక మీ మూడో ప్రశ్నకు వస్తాను. తనకన్నా తెలివైన పాత్రను రచయిత రాయగలడా? రాయగలడు, ఎందుకంటే పాత్రకు లేనివి రెండు రచయితకు ఉన్నాయి. ఒకటి కాలం. పాత్ర పది క్షణాల్లో తేల్చవలసిన దాన్ని రచయిత పది రోజులు ఆలోచించవచ్చు. రెండోది, వెనక నుంచి ముందుకు నడిచే అవకాశం. జవాబు ముందు నిర్ణయించుకుని ప్రశ్నను తర్వాత తయారు చేయవచ్చు. చదివేవారికి ఈ శ్రమ కనబడదు, పాత్ర వేగం మాత్రమే కనబడుతుంది.

మీరు ప్రశ్నతో పాటు జతచేసిన పేరానే తీసుకుందాం. "వసుధ పదునైన ప్రశ్నలతో సాక్షిని ముప్పుతిప్పలు పెట్టింది. అతని అబద్ధాలు ఒక్కొక్కటే బయటపడుతుంటే న్యాయస్థానం నివ్వెరపోయింది" అని రాశారు. ఈ రెండు వాక్యాల్లో ఒక్క ప్రశ్న కూడా లేదు. పదునైనవని మీరన్నారు కానీ ఆ ప్రశ్నలేమిటో మాకు వినిపించలేదు. నివ్వెరపోవడం కూడా మా తరఫున న్యాయస్థానమే చేసేసింది. మీరు చెప్పిన వివరాల ప్రకారం, ఒక ఉత్తరం తనకు రెండేళ్ల కిందటే అందిందని సాక్షి అంటాడు, నిజానికి దాన్ని నిన్నగాక మొన్న రాశారు. ఈ సన్నివేశాన్ని నేనైతే ఎలా తయారుచేస్తానో చెబుతాను.

మొదట అబద్ధం దగ్గర మొదలుపెడతాను. ఆ మాట నిజమే అయితే లోకంలో ఏ గుర్తు మిగిలి ఉండాలి? ఆ గుర్తు ఇక్కడ ఎందుకు లేదు? ఉత్తరాన్ని రెండేళ్లు దాచుకున్న మనిషి దాన్ని ఎక్కడో దాచి ఉండాలి. ఎక్కడ? జేబులో అనుకుందాం. జేబులో ఉన్న కాగితానికి మడతలు పడతాయి. అంతే, నాకు కావలసింది దొరికింది. ఇప్పుడు వెనక్కి వెళ్లి, ఆ అధ్యాయం మొదట్లో, గుమాస్తా ఆ ఉత్తరాన్ని వసుధకు అందించినప్పుడు ఒక చిన్న వాక్యం పెడతాను: పొడవాటి కాగితం, మధ్యలో ఒకే ఒక్క మడత. ఆ వాక్యం మీద ఏ ఒత్తిడీ ఉండదు, పాఠకుడు చూసి ముందుకు వెళ్లిపోతాడు. తర్వాత సాక్షి బోనెక్కుతాడు.

"ఉత్తరం అందిన రోజు నుంచి మీ దగ్గరే ఉందా?"

"నా దగ్గరే ఉందండీ."

"ఇంట్లో పెట్టెలో దాచారా?"

"లేదండీ, ఇంట్లో పెడితే ఎవరైనా చూస్తారని చొక్కా జేబులోనే పెట్టుకు తిరిగాను."

"చేతిసంచిలో గానీ, పుస్తకంలో గానీ ఎప్పుడూ పెట్టలేదా?"

"ఎప్పుడూ లేదు. ఎప్పుడూ గుండె దగ్గరే."

వసుధ ఉత్తరాన్ని, ఉన్న మడతతో ఉన్నట్టుగా, అతని చేతికి ఇచ్చింది.

"ఒకసారి జేబులో పెట్టుకోండి."

అతను పెట్టబోయాడు. కాగితంలో సగం పైగా జేబు బయటే నిలబడి ఉంది. దాన్ని ఇంకోసారి మడవడానికి వేళ్లు కదిలించి, మధ్యలోనే ఆపేశాడు.

ఇక్కడ ఆపేయాలి. న్యాయస్థానం నివ్వెరపోయిందని రాయనక్కరలేదు, ఆమె తెలివైనదనీ రాయనక్కరలేదు. ఈ చిన్న దృశ్యంలో గమనించవలసినవి మూడున్నాయి. మొదటిది, మడత సంగతి ఆమెకు తెలిసినప్పుడే పాఠకుడికీ తెలుసు. అతనికి చూపించని ఆధారంతో పాత్రను గెలిపిస్తే దాన్ని అతను తెలివిగా పరిగణించడు, రచయిత గారడీ అనుకుంటాడు. రెండోది, అసలు దెబ్బకు ముందు ఆమె సాక్షి తప్పించుకోగల తలుపులన్నీ మూసింది. పెట్టె, సంచి, పుస్తకం గురించిన ప్రశ్నలు చదివేటప్పుడు అప్రధానంగా కనిపిస్తాయి, చివరి ప్రశ్న తర్వాతే వాటి అవసరం తెలుస్తుంది. అనుభవజ్ఞులైన వకీళ్లు అడ్డుప్రశ్నలను సరిగ్గా ఈ వరుసలోనే పేరుస్తారు. మూడోది, సాక్షి మూర్ఖుడు కాడు. ఇంకోసారి మడవబోయి, మడిస్తే పడే కొత్త మడతను అందరూ చూస్తారని గ్రహించి ఆగిన మనిషి. చుట్టూ ఉన్నవారి తెలివిని తగ్గించి నాయికను తెలివైనదిగా చూపించకండి. అందరూ మందమతులైన చోట మామూలు బుద్ధి కూడా మేధస్సుగా చలామణీ అవుతుంది, పాఠకుడు మాత్రం దానికి లొంగడు. ఈ పది పంక్తులకు నాకు ఒక సాయంత్రమంతా పట్టింది. వసుధకు పట్టింది రెండు నిమిషాలు.

ఇంతవరకు తెలివి గురించి చెప్పాను, మిగతా గుణాలన్నిటికీ ఇదే వైద్యం పనిచేయదు. నేను గుణాలను రెండు రకాలుగా విడదీసి చూస్తాను: పుట మీద నేరుగా కనిపించగలవి, కనిపించలేనివి. చమత్కారం, వాక్చాతుర్యం, కవిత్వం, వాదనాపటిమ మొదటి రకం. ఇవి మాటలతో చేసినవి, మీ నవలా మాటలతోనే చేసినది. కనుక ఇక్కడ తప్పించుకునే దారి లేదు. "అతని చలోక్తికి సభ యావత్తూ పగలబడి నవ్వింది" అని రాస్తే ఆ చలోక్తి అక్కడ ఉండి తీరాలి, నవ్వు రావాలి. రాయలేకపోతే ఆ పాత్రను చమత్కారి అనకండి, సరదా మనిషి అనండి. సరదా మనిషి చేతలతో నవ్విస్తాడు, అతనికి చలోక్తి అక్కరలేదు. గుణాన్ని రచయిత శక్తికి తగ్గట్టు ఒక మెట్టు దించుకోవడంలో తప్పేమీ లేదు.

మొదటి రకానికి నేను తరచుగా చెప్పే ఉదాహరణ వాల్మీకి రామాయణం కిష్కింధాకాండలో ఉంది. హనుమంతుడు భిక్షువు రూపంలో వచ్చి రామలక్ష్మణులను పలకరిస్తాడు. అతను మాట్లాడిన మాటలను కవి పూర్తిగా మనకు వినిపిస్తాడు. ఆ తర్వాతే రాముడు లక్ష్మణుడితో, వేదాలు చదవనివాడు ఇలా మాట్లాడలేడనీ, వ్యాకరణం క్షుణ్ణంగా నేర్చినవాడనీ, ఇంతసేపు మాట్లాడినా ఒక్క అపశబ్దం దొర్లలేదనీ అంటాడు. ఆ వరుసను గమనించండి. ముందు మాట, ఆ తర్వాత మెప్పు. మెచ్చుకున్నవాడు కూడా ఆ విద్యల విలువ తెలిసినవాడు. మనలో చాలామంది ముందు మెప్పు రాసి, మాటను తర్వాతికి వాయిదా వేసి, చివరికి మరచిపోతాం. మీ మొదటి అధ్యాయంలోని వాక్యాన్ని, "ఆమెను మించిన వకీలు లేరు" అన్నదాన్ని, జేబు సన్నివేశం తర్వాత ప్రతివాది వకీలు నోట పెట్టి చూడండి. అదే వాక్యం, అక్కడ దాని బరువే వేరుగా ఉంటుంది.

రెండో రకం, అందం, గానం, నాట్యం, శరీరబలం, పుట మీద నేరుగా కనిపించలేనివి. పాటను అక్షరాల్లో వినిపించలేం. అందాన్ని అవయవాల వారీగా జాబితా రాస్తే సామాను పట్టీలా తయారవుతుంది. ఇక్కడ గుణాన్ని కాక, దాని ప్రభావాన్ని చూపాలి. గ్రీకు కవి హోమర్ ఇలియడ్ మూడో సర్గలో ట్రాయ్ కోటగోడ మీదికి హెలెన్ నడిచి వస్తుంటే, యుద్ధం వల్ల సర్వం కోల్పోతున్న వృద్ధులే, ఇలాంటి స్త్రీ కోసం ఇన్నేళ్లు కష్టపడినందుకు ఎవరినీ తప్పుపట్టలేమని తమలో తాము అనుకుంటారు. ఆమె కళ్లెలా ఉన్నాయో, ముక్కెలా ఉందో కవి చెప్పడు. జర్మన్ విమర్శకుడు లెసింగ్ 1766లో ప్రకటించిన లావొకోన్ అనే గ్రంథంలో, మాటలతో అందాన్ని చూపించవలసిన తీరుకు ఈ ఘట్టాన్నే ఆదర్శంగా నిలబెట్టాడు. ఆ వృద్ధులు యువకులు కారు, ఆమె వల్ల లాభపడేవారూ కారు, వారి మాటను మనం నమ్మడానికి అదే కారణం. మీరు కూడా సాక్షిని ఎంచుకునేటప్పుడు, మెచ్చుకోవడానికి ఏ కారణమూ లేని మనిషిని ఎంచుకోండి.

ప్రభావంతో పాటు, ఆ విద్యలో మునిగినవారి గ్రహణశక్తిని చూపించడం ఇంకో మార్గం. ఒక యువ రచయిత్రి రాతప్రతిలో మహావిద్వాంసుడైన గాయకుడు ఉండేవాడు. ప్రతి కచేరీ తర్వాత కరతాళధ్వనులు మిన్నుముట్టేవి, నాకు మాత్రం ఒక్కచోటా అతను గాయకుడనిపించలేదు. మా చర్చల తర్వాత ఆవిడ ఒక చిన్న దృశ్యం చేర్చారు. చుట్టపుచూపుగా ఒకరింటికి వెళ్లిన గాయకుడు మాటల మధ్యలో లేచి వెళ్లి పంఖా ఆపుతాడు. "చలిగా ఉందా?" అని అడుగుతారు. "లేదండీ, అది అటూ ఇటూ కాని స్థాయిలో మోగుతోంది, ఇందాకటి నుంచి మనసు దానికి శ్రుతి కలుపుకోలేక అవస్థ పడుతోంది" అంటాడు. ఆ గదిలో మిగిలినవారెవరూ అప్పటిదాకా పంఖా చప్పుడే వినలేదు. ఆ దృశ్యం వచ్చాక కచేరీల్లో కరతాళధ్వనులన్నీ ఆవిడ తనంతట తానే కొట్టేశారు.

మంచితనం, ధైర్యం, నిజాయితీ, దాతృత్వం వంటి గుణాలది మరో తీరు. వీటికి వెల చెల్లించినప్పుడే అవి కనిపిస్తాయి. నిండుగా ఉన్నవాడు ఇస్తే అది దానమే, పాత్రచిత్రణ దృష్ట్యా మాత్రం దానివల్ల మనకేమీ తెలియదు. కర్ణుడిని మనం దాతగా గుర్తుంచుకున్నది అతను రోజూ చేసిన దానాల వల్ల కాదు. ఇంద్రుడు మారువేషంలో వచ్చి కవచకుండలాలు అడుగుతాడనీ, ఇస్తే ప్రాణాల మీదికి వస్తుందనీ సూర్యుడు కలలో ముందే హెచ్చరించాడు. ఎవరు అడుగుతున్నారో, ఎందుకు అడుగుతున్నారో, ఏం పోతుందో అన్నీ తెలిసి ఇచ్చాడు. ప్రతిగా శక్తి ఆయుధాన్ని అడిగి పుచ్చుకున్నాడు కూడా, అయినా అతని దాతృత్వం మనకు తరగలేదు, ఎందుకంటే పోయినదాని విలువ అతనికి తెలుసునని మనకు తెలుసు. మీ పాత్ర నిజాయితీపరుడైతే, అబద్ధమాడితే మేలు జరిగే చోట, పట్టుబడే ప్రమాదం లేని చోట అతన్ని నిలబెట్టండి. అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రంలో చెప్పింది కూడా ఇదే: ఏది ఎంచుకోవాలో స్పష్టంగా లేని చోట మనిషి దేన్ని ఎంచుకుంటాడో, దేన్ని వదులుకుంటాడో అదే అతని శీలాన్ని బయటపెడుతుంది.

ఇక్కడ కొన్ని మినహాయింపులు చెప్పాలి, లేకపోతే నా మాటలు నియమాల్లా వినిపిస్తాయి. ఒక్క పుటలో వచ్చి పోయే పాత్రకు ఈ శ్రమ అనవసరం. "తలుపు తీసిన ముసలాయన కోపిష్ఠి" అని రాస్తే చాలు, అతని కోపం ఋజువు కావలసిన పని లేదు. అలాగే గుణాన్ని ప్రతి పుటలోనూ ప్రదర్శిస్తూ పోకండి. పొద్దున లేచింది మొదలు పడుకునే దాకా తెలివిగానే మాట్లాడే మనిషి మనిషిలా కనబడదు. తెలివైనవారికి కూడా తెలియని రంగాలుంటాయి, ధైర్యవంతులకూ భయపడే సంగతులుంటాయి. వసుధ న్యాయస్థానంలో అంతటి మనిషై ఉండి, సొంత తమ్ముడు ఎందుకు అలిగాడో అర్థం చేసుకోలేకపోవచ్చు. అది వైరుధ్యం కాదు, ఆమె తెలివికి మీరు గీసిన హద్దు. తన రంగంలో, తన శక్తికి లోబడిన చోట, కారణం లేకుండా తప్పటడుగు వేయడమే అసలైన వైరుధ్యం. కారణం ఉంటే, అంటే నిద్రలేమి, దుఃఖం, అహంకారం, ఒకరి మీద అతినమ్మకం వంటిదేదో ముందు నుంచీ కనబడుతూ ఉంటే, ఆ తప్పును పాఠకుడు క్షమిస్తాడు, పైగా ఆ పాత్రకు దగ్గరవుతాడు.

ఆ వర్ణన ఎవరి నోట వచ్చిందన్నది కూడా చూడండి. కథకుడు చెప్పిన మాట నెరవేరకపోతే తప్పు రచయితది అవుతుంది. అదే మాటను ఒక పాత్ర అంటే, నెరవేరనప్పుడు ఆ అన్న పాత్ర గురించి మనకేదో తెలుస్తుంది. తనను తానే పొగుడుకునే పాత్ర అయితే ఆ అంతరమే పాత్ర అవుతుంది. 1892లో తొలిసారి ప్రదర్శితమైన గురజాడ కన్యాశుల్కంలో గిరీశం తన విద్వత్తు గురించి చెప్పుకునే మాటలకూ అతని నడతకూ మధ్య ఉన్న దూరం మీదే ఆ పాత్ర నిలబడింది. శిష్యుడు వెంకటేశం నమ్ముతాడు, చూసేవారు నమ్మరు. అక్కడ వర్ణనకు పాత్ర సరితూగకపోవడం లోపం కాదు, నాటకకర్త ఉద్దేశం. మీ నవలలో అలాంటి ఉద్దేశం లేదు కనుక ఆ మార్గం మీకు వర్తించదు. భవిష్యత్తులో ఎప్పుడైనా మీకు అక్కరకు రావచ్చునని చెబుతున్నాను.

ఆచరణలో నేను చేసే పని ఒకటి చెబుతాను. రాతప్రతి పూర్తయ్యాక ఒక పెద్ద కాగితం మధ్యలో గీత గీస్తాను. ఎడమవైపు, ఆ పాత్ర గురించి కథకుడు గానీ ఇతరులు గానీ అన్న ప్రతి మాటనూ పుట సంఖ్యతో రాస్తాను. కుడివైపు, ఆ పాత్ర తీసుకున్న నిర్ణయాలు మాత్రమే రాస్తాను. ఆమె ఏమనుకుందో, ఎలా నవ్విందో అక్కరలేదు, ఏం నిర్ణయించిందో కావాలి. గుణానికి ఎదురుగా ఉన్న నిర్ణయాల కింద ఎర్ర గీత. తర్వాత ప్రతి గుణానికీ ఒక ప్రశ్న వేసుకుంటాను: ఈ గుణం ఈ మనిషిలో లేకపోతే కథలో ఏ మలుపు ఆగిపోతుంది? ఏ మలుపూ ఆగదంటే ఆ గుణం అలంకారమే, ఎన్ని సన్నివేశాలు చేర్చినా అది అలంకారంగానే ఉండిపోతుంది. దాన్ని ఒక మలుపుకు కారణంగా ముడివేయాలి, లేదా వదిలేయాలి.

ఈ పని ముగిశాక మీ రాతప్రతి నకలులో వసుధను వర్ణించే ప్రతి విశేషణాన్నీ కొట్టేసి, ఇదివరకు చదవని ఇద్దరికి ఇవ్వండి. "ఈమె ఎలాంటి మనిషో మూడు మాటల్లో చెప్పండి" అని మాత్రం అడగండి, ఇంకేమీ అడగకండి. వారు "తెలివైనది" అంటే విశేషణాల అవసరం తీరిపోయినట్టే, ఒకటో రెండో ఉంచుకుని మిగతావి వదిలేయండి. వారు ఇంకేదో మాట అంటే కంగారు పడకండి, ఆ మాటను జాగ్రత్తగా వినండి. ఒక రచయిత తన నాయకుడిని "మహా సాహసి" అని రాస్తే, చదివిన ఇద్దరూ "మొండివాడు" అన్నారు. తిరిగి చదివి చూస్తే వారిదే నిజం. అతను చేసిన పనులన్నీ మొండివాడివే, భయమే లేనివాడికి సాహసంతో పనేముంది? ఆ రచయిత సన్నివేశాలను ముట్టుకోకుండా వర్ణనను మార్చుకున్నారు, నవల కుదుటపడింది. మీరు రాసిన పనుల్లో ఉన్న మనిషి, మీ ఊహలో ఉన్న మనిషి కన్నా ఒక్కోసారి బాగుంటుంది. మీరు పంపిన సంగ్రహంలో పత్రం పోయాక వసుధ పదకొండు అధ్యాయాల పాటు ఓటమిని ఒప్పుకోకుండా పోరాడిన తీరు చూస్తే, ఆమె అన్నిటికన్నా ముందు పట్టుదల గల మనిషేమోనని నాకు అనిపించింది. ఆ మాట కూడా మనసులో ఉంచుకుని ఆ ఇద్దరి జవాబులు వినండి.

పని తొమ్మిదో అధ్యాయంతో మొదలుపెట్టండి. అది కుదిరితే దాని వెనక కక్షిదారుడి భయాన్ని చూపే రెండు మూడు చిన్న చోట్లు, బహుశా నాలుగో అధ్యాయంలోనూ ఆరో అధ్యాయంలోనూ, అవసరమవుతాయి. జేబు సన్నివేశం వంటిది ఆ తర్వాత రాయండి. మొదటి అధ్యాయంలోని ఆ వాక్యం జోలికి అన్నిటికన్నా చివర వెళ్లండి. కొత్త తొమ్మిదో అధ్యాయం రాశాక ఇక్కడే పెడితే తప్పకుండా చదివి, కక్షిదారుడు పత్రం ఇచ్చేసే చోట నాకేమనిపించిందో రాస్తాను.